గద్దగుట్ట చుక్కడు

ముందు నీ నోటికి కళ్లెం వేసుకుని ఇది విను. నిన్న నలుగురిలో కూర్చుని, ఫలానా కుర్రాణ్ని మన జట్టులోకి తీసుకోకపోతే జట్టు మట్టికొట్టుకుపోతుందని గంటసేపు వాదించావు. ఎదుటివాడు నోరెత్తితే కసిరావు. ఆ కుర్రాడు ఆడుతుండగా ఒక్కనాడైనా చూశావా? చూడలేదు. ఎవరో అన్నది విన్నావు, విన్నదాన్ని చూసినట్టు చెప్పావు. అదేమంత తప్పని అనుకుంటున్నావు. ఆ తప్పుతోనే ఒక గట్టు గట్టంతా గొంతెండి చావబోయింది.

చింతలవాగుకు రెండు గట్లు. తూర్పుగట్టు జంతువులకూ పడమటిగట్టు జంతువులకూ ఏటా చలికాలమంతా ఆటలు జరిగేవి. వాగు నడుమ ఇసుకతిన్నె మీద ఈ చివర ఒక మోడు, ఆ చివర ఒక మోడు. ఒక్కో మోడుకు ఒక తొర్ర. ఎండిన వెలగకాయను అవతలివాళ్ల తొర్రలో వేయాలి. గట్టుకు ఐదుగురు. మూతితో నెట్టినా, చేత్తో విసిరినా, తోకతో కొట్టినా తప్పులేదు.

అది ఉత్త ఆట కాదు. ఎండాకాలం వాగంతా ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలేది. గెలిచిన గట్టు ముందు తాగాలి. వాళ్లు తాగి వెళ్లాక అడుగున మిగిలిన బురద ఓడిన గట్టుది. తూర్పుగట్టు వరసగా మూడేళ్లు ఓడింది, మూడేళ్లూ బురదే తాగింది. మూడో ఏడు ముళ్లవ్వ అనే ముసలి ముళ్లపంది మనవరాలు ఆ నీళ్లు తాగి జబ్బుపడి కన్నుమూసింది.

బలహీనులు ఎప్పటికీ అలాగే ఉండిపోకూడదని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. వానలు వెనకబట్టాక, ఆ ఏడు ఈడుకొచ్చిన పిల్లలన్నీ ఇసుకతిన్నె మీద నిలబడతాయి. పోయినేడు ఓడిన గట్టు ముందుగా తనకు కావలసిన పిల్లను పిలుచుకోవాలి. ఆ తర్వాతే గెలిచిన గట్టు వంతు. అయితే ఓడినవాళ్లు పేరు పిలిచినప్పుడు ఆ పిల్ల అక్కడ నిలబడి లేకపోతే వంతు అవతలివాళ్లకు పోతుంది.

తూర్పుగట్టు జట్టుకు నాయకుడు పెద్దయ్య అనే దున్నపోతు. నెమ్మదస్తుడు. అతడు ఎవరిని పిలవాలో మాత్రం గట్టు మీది నల్లబండ తేల్చేది. ఆట చూసేవాళ్లంతా ఆ బండ మీదే కూర్చునేవారు. బండ మీద ఎవరెంత అరిచినా చివరికి నిలిచేది జంబయ్య అనే నక్క మాట. జంబయ్య ఏనాడూ ఇసుకలో కాలు పెట్టి ఆడినవాడు కాదు. కానీ ఆట గురించి అతనికి తెలియనిది లేదని పేరు. మూడేళ్ల కిందట అతని మాట మీదే ఒక లేడిపిల్లను తెచ్చారు. అది తాటిచెట్టంత ఎత్తు ఎగిరేది. తీరా కాయ తన వైపు వస్తే కళ్లు మూసుకునేది. మరుసటి ఏడు నెమలిని తెచ్చారు. దుమ్ము లేచినప్పుడల్లా ఆట మధ్యలో ఆగి ఈకలు దులుపుకునేవాడు. మూడోవాడి సంగతి చెప్పకపోవడమే మర్యాద. ఎవరైనా అడిగితే జంబయ్య, "పిల్ల మంచిదే. మీకు వాడుకోవడం రాలేదు" అనేవాడు.

ఆ ఏడు ఎంపికకు పది రోజులుందనగా బండ మీద మాటలు మొదలయ్యాయి.

"కొండముచ్చు పిల్లను తీసుకుందాం బావా. ఏం గెంతుతుంది" అంది గోరింక.

"గెంతి ఏం లాభం? కాయ చేతిలో పడితే ముందు కొరికి చూస్తుంది" అన్నాడు ముంగిస.

ముళ్లవ్వ గొంతు సవరించుకుంది. "ఎలుగుపిల్ల బొగ్గిని చూశాను నేను."

"ఆ మొద్దునా అవ్వా? అది లేచి నిలబడేలోపు ఆట ముగుస్తుంది."

"మీరు దాని నడక చూశారు, చేతులు చూడలేదు. అక్కచెల్లెళ్లతో ఆడుకుంటుంటే నాలుగు రోజులు పుట్ట చాటున కూర్చుని చూశాను. కాయ తన దగ్గర ఉంచుకోదు. ఎవరి ముందు అడ్డు లేదో చూసి వాళ్లకు అందిస్తుంది. వేసేది చెల్లెళ్లు. వేయించేది ఇది."

జంబయ్య నవ్వాడు. "తాను వేయని దాన్ని తెచ్చుకుని ఏం చేద్దామవ్వా, బొట్టుపెట్టి పూజిద్దామా?"

బండంతా గొల్లుమంది. ముళ్లవ్వకు మనవరాలి ముఖం కళ్లముందు మెదిలింది. ఈసారీ ఈ నోరే గెలిస్తే ఇంకెన్ని పిల్లలు పోతాయో అనిపించింది. అసలు ఇతడు ఏనాడైనా ఏ పిల్లనైనా చూశాడా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

"సరేలే నాయనా. గద్దగుట్ట మీద పునుగుపిల్లికి ఒక కొడుకున్నాడటగా, చుక్కడని. వాణ్ని చూసే ఉంటావు నువ్వు" అంది.

అలాంటి పిల్లవాడు లేడు. ఆ పేరు ఆమె నోటికి అప్పటికప్పుడు తట్టింది. చూడలేదని జంబయ్య ఒక్క ముక్క అని ఉంటే ఆమె తల వంచుకుని ఇంటికి పోయేది.

జంబయ్య తోక సవరించుకున్నాడు. "చుక్కడా. ఆ పేరు ఇక్కడ ఎత్తకూడదనుకున్నానవ్వా, పడమటివాళ్ల చెవిన పడుతుందని. మూడు పొద్దులు దగ్గరుండి చూశాను. ఎడమచేతి వాటం. ఇరవై అడుగుల నుంచి వేస్తే కాయ తొర్ర అంచుకైనా తగలదు, నేరుగా లోపలికే."

"ఇరవై అడుగులా" అన్నాడు ముంగిస, నోరు తెరిచి.

"తక్కువే చెప్పాను."

ముళ్లవ్వ లేచింది. "విన్నారుగా. చుక్కడనేవాడు లేడు. నేను కల్పించాను. లేనివాణ్ని ఇతడు మూడు పొద్దులు చూశాడట."

అందరూ జంబయ్య వైపు తిరుగుతారని ఆమె అనుకుంది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వు చూడనంత మాత్రాన లేకుండా పోతాడా అవ్వా?" అంది గోరింక.

"తన ఎలుగుపిల్ల వెనకబడుతుందని మాట మారుస్తోంది, పాపం" అన్నాడు జంబయ్య జాలిగా. "పెద్దతనం. ఏమీ అనకండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకానికి ఆ బండ మీద కొదవలేదు. రెండు రోజుల్లో చుక్కడిని చూడనివాళ్లు తూర్పుగట్టు మీద మిగల్లేదు. గోరింక మేనత్త కూతురు చూసిందట. కుందేలు తోడల్లుడు వాడితో ఆడి ఓడిపోయాడట. ఆట సగం దాటాక చుక్కడికి ఆయాసం వస్తుందని ముంగిస అంటే, రాదని గోరింక అంది. మాటా మాటా పెరిగి ఇద్దరూ పలకరింపులు మానేశారు. ఇసుకలో రోజూ సాధన చేస్తున్న బొగ్గినీ కొండముచ్చు పిల్లనూ ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

ముళ్లవ్వకు అన్నం సయించలేదు. ఒక అబద్ధాన్ని పట్టుకోవడానికి ఇంకో అబద్ధం వదిలాను, అదే ఇప్పుడు ఊరేగుతోంది అనుకుంది. ఎంపికనాడు చుక్కడి పేరు పిలిస్తే రాడు, వంతు పోతుంది, మళ్లీ బురదే. ఆమె పెద్దయ్య దగ్గరకు వెళ్లి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

పెద్దయ్య నెమరువేయడం ఆపాడు. "నీ మాట నమ్ముతానవ్వా. కానీ చుక్కణ్ని కాదంటే బండంతా నా మీద పడుతుంది."

"కాదనొద్దు నాయనా. తీసుకొచ్చి చూపించమను. చూసినవాడికి దారి తెలియకపోదు."

మరునాడు పెద్దయ్య అందరి ముందూ అన్నాడు. "జంబయ్యా, ఎంపికకు ఆరు రోజులుంది. ఆ పిల్లవాడికి మన దారి కొత్త. నువ్వే వెళ్లి చెయ్యిపట్టుకు తీసుకురా."

"నాకు కాలు బెణికింది పెద్దయ్యా."

"మేం మోస్తాం మామా" అన్నాడు ముంగిస, ఎంతో ఇష్టంగా.

మోయించుకుంటే గుట్ట దాకా మోస్తారు. జంబయ్య కాలు వెంటనే బాగైంది. ఒంటరిగానే వెళ్తానని బయలుదేరాడు. గట్టు చివర దాకా అందరూ సాగనంపారు.

ముళ్లవ్వ కూడా గద్దగుట్ట దారి పట్టింది. ఆమె అడుగులకు రెండు రోజుల దారి. దారి పొడుగునా ఇసుకలో చూసింది. నక్క అడుగు ఒక్కటీ కనబడలేదు. గుట్ట మీద బండసందులో ఒంటరిగా ఉన్న ముసలి పునుగుపిల్లి ముందు కూర్చుని తప్పు ఒప్పుకుంది.

"అక్కా, నీ పేరు వాడుకున్నాను. నీకు లేని కొడుకును పుట్టించాను. నువ్వొచ్చి లేడని చెప్పకపోతే మా పిల్లలు గొంతెండి పోతారు."

పునుగుపిల్లి అడిగింది. "పేరు కూడా పెట్టావా?"

"చుక్కడు."

"బాగుంది పేరు" అంది ఆమె. ఇంకేమీ అడగకుండా లేచి కర్ర అందుకుంది.

ఎంపికనాటి పొద్దు. ఇసుకతిన్నెకు ఆ పక్క పడమటిగట్టు, ఈ పక్క తూర్పుగట్టు, నడుమ పిల్లలు. పెద్దయ్య పేరు పిలవాల్సిన వేళకు జంబయ్య వచ్చాడు. ఒళ్లంతా మట్టి, కుంటుతున్నాడు, కళ్ల నిండా నీళ్లు. ఒక్కడే వచ్చాడు.

"చిరుత" అన్నాడు. "వాగు మలుపులో. నేను అడ్డం పడ్డాను, లాభం లేకపోయింది. తూర్పుగట్టుకు ఆడాలని ఉందన్నాడు బిడ్డ. అదే ఆఖరి మాట."

బండంతా గొల్లుమని ఏడ్చింది. గోరింకా ముంగిసా వారం తర్వాత మొదటిసారి ఒకరినొకరు పట్టుకున్నారు.

"ఆయాసం వస్తుందన్నాను, పాడు నోరు" అన్నాడు ముంగిస.

ముళ్లవ్వ మెల్లగా అడిగింది. "తల్లికి కబురు చేశావా నాయనా?"

"చెయ్యకుండా వస్తానా అవ్వా? ముందు ఆమె దగ్గరకే వెళ్లాను. నా భుజం మీద పడి ఏడ్చింది. చూడలేకపోయాను."

పెద్దయ్య పక్కకు జరిగాడు. అతని వెనక కూర్చున్న పునుగుపిల్లి కర్ర ఊతగా లేచింది. జంబయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఈ పెద్దమ్మ ఎవరు?" అన్నాడు.

"నేను గద్దగుట్ట పునుగుపిల్లిని" అంది ఆమె. "ఆ గుట్ట మీద నేను తప్ప ఇంకో పునుగుపిల్లి లేదు. నాకు పిల్లలు కలగలేదు. నేను నక్కను చూసి ఏళ్లయింది."

ఏడుపులు ఆగిపోయాయి. పడమటిగట్టు నుంచి ఎవరో, "ఆలూ లేదు చూలూ లేదు..." అని సామెత ఎత్తుకున్నారు. ఆమె ముఖం చూసి సగంలోనే ఆపేశారు.

జంబయ్య తోక సవరించుకున్నాడు. "వేరే గుట్టయి ఉంటుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతని మాటకు నవ్వకపోవడం ఆ బండ మీద అదే మొదలు.

పెద్దయ్య బండ వైపు తిరిగాడు. "అతడు ఒక్కడే అబద్ధమాడితే అది ఒక్కడి అబద్ధం. మీరంతా చూశామన్నారు. ఎవరి మేనత్త కూతురు, ఎవరి తోడల్లుడు?"

తర్వాత పెద్దయ్య ముళ్లవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, నువ్వు కూడా లేనిదే చెప్పావు."

"చెప్పాను నాయనా."

"మొదటి రెండాటలూ నీకు బండ మీద చోటు లేదు."

"న్యాయమే" అంది ముళ్లవ్వ. గద్దగుట్ట అక్కకు ఊతమిచ్చి, ఇద్దరూ వెళ్లి దూరంగా చెట్టునీడన కూర్చున్నారు.

పెద్దయ్య ఇసుకలోకి దిగాడు. ఈసారి బండ మీద గోల లేదు కనక అతనికి పిల్లల్ని తన కళ్లతో చూసే తీరిక దొరికింది. ప్రతి పిల్లకూ ఒకసారి కాయ ఇచ్చి ఆడించి చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక, "బొగ్గీ, రా అమ్మా" అని పిలిచాడు.

మొదటి ఆటలో బొగ్గి ఒక్కసారైనా తొర్రలో కాయ వేయలేదు. ఆ ఆట తూర్పుగట్టు ఓడింది కూడా. కానీ లేడిపిల్ల చేతికి కాయ మెత్తగా, సమయానికి వచ్చేసరికి కళ్లు మూసుకోవడం మానేసింది. నెమలికి కూడా దుమ్ము లేవకముందే కాయ అందేది. వాడుకోవడం రాలేదని మూడేళ్లు నిందపడ్డవాళ్లకు, వాడుకునే చెయ్యి దొరికింది. చలికాలం ముగిసేసరికి గెలుపు తూర్పుగట్టుదైంది. ఆ ఎండల్లో వాళ్ల పిల్లలు మడుగులో తమ నీడ కనబడే నీళ్లు తాగారు.

జంబయ్యను ఎవరూ వెళ్లగొట్టలేదు, కొట్టలేదు, నీళ్లు వద్దనలేదు. మరుసటి వానలు తగ్గాక అతడు నిజంగానే గుట్టలెక్కాడు. పాదాలు పగిలాయి, డొక్కలు ఎండాయి. పదమూడు రోజులు పొదల చాటున కూర్చుని ఏడుగురు పిల్లల ఆట తన కళ్లతో చూశాడు. వాళ్లలో ఒక అడవిపిల్లి కూతురు నిజంగా ఎడమచేతి వాటం, నిజంగా దూరం నుంచి వేయగలదు. కుంటుకుంటూ బండ దగ్గరకొచ్చి, చూసింది చూసినట్టు చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గోరింక ఈకలు దువ్వుకుంటూ ఉండిపోయింది. ముంగిస లేచి నీడలోకి జరిగాడు. ఎంపికనాడు పడమటిగట్టు తన ముందు వంతులో వేరే పిల్లను పిలిచినా తూర్పుగట్టు ఆ అడవిపిల్లి కూతుర్ని పిలవలేదు, తర్వాతి వంతులో ఆమెను పడమటిగట్టే పిలుచుకుపోయింది.

చూడనిది చూశానని చెప్పినవాడికి, చివరకు చూసింది చెప్పినా వినే చెవి దొరకదు. జంబయ్యకు పడిన శిక్ష అదే.