వెదురు బొంగు వెనక కొస

శిష్యుడు మింగ్‌ఫై రుసరుసలాడుతూ వచ్చాడు. "గురువుగారూ, ఆ మోతగాళ్ళు నేను పిలిస్తే పలకడం లేదు!"

"ఏమని పిలిచావు?"

"గూలేయ్ అని. వాళ్ళలో వాళ్ళు అలాగే పిలుచుకుంటున్నారుగా!"

నిజమే. హాంకాంగ్ రేవులో బరువులు మోసేవాళ్ళు "ఏరా గూలేయ్, టీ తాగావా?" అని నవ్వుకుంటారు. మన కూలీ లాంటి మాటే. మింగ్‌ఫై నోట్లోంచి వస్తే మాత్రం ఎవడూ నవ్వలేదు. కొండ మీద మఠంలో చేరి ఆరు నెలలైనా కాలేదు, అప్పుడే కళ్ళు నెత్తికెక్కాయి. గుండు కదా, మరీ స్పష్టంగా కనిపించేవి.

గురువు మెట్ల కేసి చూశాడు. వానకు తడిసిన నిట్టనిలువు మెట్లు. ఇద్దరు మోతగాళ్ళు కొత్త కంచుగంటను వెదురు బొంగుకు వేలాడదీసి తెస్తున్నారు. సగం దారిలో వెనకవాడు లియుంగ్ చీలమండ బెణికి, రెండు మెట్లు కిందకి జారి కూలబడ్డాడు. ముందున్న ఆసామ్ గంటను మెట్టుకు అదిమి పట్టుకున్నాడు. అది జారిందా, లియుంగ్ మీదే.

గురువు శిష్యుడి శాలువా అందుకున్నాడు. "పో, వెనక కొస పట్టు."

మింగ్‌ఫై పరుగున దిగి భుజం పెట్టాడు. ఎదురుగా గంట తప్ప దారి కనిపించదు.

"నాచుంది, ఎడమకి!" అరిచాడు ఆసామ్. అడుగు మాత్రం వెయ్యలేదు. ముందువాడు చెప్పింది వెనకవాడు తిరిగి చెప్పాలి. చెప్పందే కదలకూడదు. మోతగాళ్ళ కట్టుబాటది.

సూత్రాలు వల్లించే నోటితో గూలేయ్ మాట వల్లించడమా? మింగ్‌ఫై పెదవి విప్పలేదు.

"వినబడిందా, చిన్నస్వామీ?"

గంట ఊగింది. కింద లియుంగ్ పక్కకి పాకబోయాడు, కాలు రాలేదు. పైన గురువు తాపీగా శాలువా మడతపెడుతున్నాడు.

"నాచుంది... ఎడమకి!" మింగ్‌ఫై గొంతు చించుకున్నాడు.

అడుగు పడింది.

"మెట్టు విరిగింది, పెద్దడుగు!"

"మెట్టు విరిగింది, పెద్దడుగు!"

గంట మఠం గడప చేరింది. మింగ్‌ఫై చతికిలబడ్డాడు.

అప్పటికే ఆసామ్ కిందకి దిగి లియుంగ్ చంకలో చెయ్యేశాడు. "ఏరా గూలేయ్! వీణ్ణెత్తాలి, రావేం?"

మింగ్‌ఫై అటూ ఇటూ చూశాడు. మెట్ల మీద ఇంకెవరూ లేరు.

"వెళ్ళు నాయనా," అన్నాడు గురువు. "నిన్నే."