ఆరున్నొక్కటి

ఎవరైనా ప్రశ్న వేస్తే సలోమి గారు వెంటనే జవాబు చెప్పరు. ముందు చీరకొంగుతో బొమ్మ ఛాతీ మీది దుమ్ము తుడుస్తారు. ముప్ఫయ్యేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఆ రబ్బరు బొమ్మను చంకనేసుకుని ఊరూరా తిరుగుతున్నారు. ఊపిరాగిన పిల్లల ఎద నొక్కి గుండె ఆడించడం ఎలాగో నేర్పుతున్నారు. వెంట తిరిగే శిష్యురాలు సుభాషిణికి ఆ రోజు ఒళ్లు మండింది. బొమ్మను నొక్కుతూ ఒక్క క్షణం ఆగి చెమట తుడుచుకున్నందుకు నలుగురిలో ముఖం వాచేలా చీవాట్లు తిన్నది మరి.

"ఆస్పత్రికి ఆమడ దూరంలో పిల్ల పడిపోతే, ఎవరో ఒకరు చెయ్యి వెయ్యడమే గొప్ప కదా అమ్మగారూ. కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది?" అంది.

సలోమి గారు దుమ్ము తుడిచి, చెప్పసాగారు.

ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిడ హమాలీలకు మూడు రోజులు నేర్పారట. అందరిలోకీ చురుకైనవాడు జట్టు మేస్త్రీ వీరాస్వామి. ఎంత లోతు నొక్కాలో ఇట్టే పట్టుకున్నాడు, మోచెయ్యి వంచేవాడు కాదు. ఒకటే చాదస్తం. బస్తాలు లెక్కపెట్టిన నోరాయె, 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఏడంటే ఏడుపు నోట పలికినట్టేనని 'ఆరున్నొక్కటి' అంటాడు. పదిహేడు దగ్గరా అంతే, ఇరవయ్యేడు దగ్గరా అంతే. ఆ పొడుగు మాట బయటపడేదాకా చెయ్యి కూడా కాచుకుని ఉండేది. జట్టంతా నవ్వింది. సలోమి గారూ నవ్వారు. పెద్దవాడు, పోనిద్దూ అనుకున్నారు.

నాలుగు నెలలు తిరక్కుండానే, నాయనమ్మ వెంట తాత వీరాస్వామికి అన్నం క్యారేజీ తెచ్చిన ఆరేళ్ల ప్రణవి వడ్లు నానబోసే తొట్టిలో పడింది. పైకి తీసేసరికి ఊపిరి లేదు. అంబులెన్సు రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ వీరాస్వామి ముప్ఫై నొక్కులు, రెండు ఊపిర్లు, మళ్లీ ముప్ఫై నొక్కులు. మిల్లు గుమాస్తా ఒకడు, ఆ మహానుభావుడు, చెయ్యి సాయం పట్టడం మాని ఫోన్లో వీడియో తీశాడు. పిల్ల దక్కలేదు.

మట్టిచేసిన పదో రోజున వీరాస్వామి ఆ వీడియో తెచ్చి సలోమి గారి చేతిలో పెట్టాడు. ఆవిడ చూశారు. పిల్ల తల సరిగ్గా వెనక్కి వంచి ఉంది. లోతు సరిగ్గా ఉంది. లాభం, రెండు, మూడు. ఆరుదాకా చకచకా పడిన నొక్కులు అక్కడ ఆగాయి. ఆరున్నొక్కటి. మళ్లీ పదహారు దాటాక, మళ్లీ ఇరవయ్యారు దాటాక. ఆగినప్పుడల్లా, అంతదాకా తలకెక్కించిన నెత్తురు జారిపోతుందని ఆవిడకు తెలుసు. మనవరాలి మీద ఏడుపు మాట పడకూడదని ఆ ముసలాయన అన్నిసార్లూ దాన్ని మింగాడు.

"నా చేతిలో లోటేం జరిగిందమ్మా?" అని అడిగాడట.

మీరేం చెప్పారని సుభాషిణి అడిగింది.

"ఏ లోటూ లేదన్నాను. ఆగకపోతే బతికేదని చెప్పడానికి నేను దేవుణ్ణి కాదు. బతికేది కాదని చెప్పడానికీ కాదు. ఆ రోజు నవ్వినదాన్ని, ఇంకేం చెబుతాను?"

బొమ్మను శిష్యురాలి ముందుకు జరిపారు. సుభాషిణి నొక్కడం మొదలుపెట్టింది. ఆరుదాకా వచ్చింది. ఆ తరవాతి మాట నోట రాలేదు. కళ్లు మసకబారాయి, చేతులు ఆగిపోయాయి.

సలోమి గారు ఆమె వేళ్ల మీద తన చెయ్యి వేసి, కిందికి నొక్కారు.

"చెయ్యి ఆపకుండా ఏడు, తల్లీ."