పొదిగే పెట్టెలో చుక్కలపెట్ట

కొండ కింద దొడ్డిలో చుక్కలపెట్ట అని ఒక ముసలి కోడి ఉండేది. దాని గొప్పలు మొయ్యడానికి రెండెడ్ల బండి చాలదు. నావి మొయ్యాలంటే లారీ కావాలి, అది వేరే సంగతి. గుడ్ల మీద కూర్చుని కూర్చుని దానికి మోకాళ్లు పట్టేశాయి. ఈసారి పెట్టినవే ఆఖరి గుడ్లని, ఇవి పోతే ఇక తనకి పిల్లల భాగ్యం లేదని దానికి తెలుసు.

అప్పుడే ఫోన్‌లో నక్క దుకాణం కనబడింది. పొదిగే పెట్టె అట. గుడ్లు పెట్టి మూత వేస్తే చాలు, వెచ్చగా పిల్లలైపోతాయట. పక్కన బొమ్మలో ఒక కోడి కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. మన ముసల్దానికి పెట్టె కంటే ఆ నిద్ర మీద మోజు పుట్టింది. ఏడాదంతా ఏరి దాచిన జొన్నలు కట్టి తెప్పించుకుంది.

పెట్టె తెచ్చిన కోతి దాన్ని కింద పెడుతూనే బతిమాలింది.

"పెద్దమ్మా, ఐదు నక్షత్రాలు నొక్కవూ. లేకపోతే మా నక్కగారు నన్ను పనిలోంచి తీసేస్తారు."

జాలేసి, టేపు కూడా విప్పకుండానే ముక్కుతో ఐదూ నొక్కేసింది. అంతటితో ఊరుకుందా? తన పెట్టెలో పిల్లలు గుడ్డులో ఉండగానే కూత నేర్చుకుంటున్నాయని దొడ్డంతా చెప్పుకుంది. అది విని గేదె సూరమ్మ ఈగలు తోలే పంకా తెప్పించుకుంది. గొర్రె చలికోటు తెప్పించుకుంది. గొర్రెకి చలికోటెందుకని అడక్కండి. నేను కొన్నవి చూస్తే అసలు అడగరు.

తీరా గుడ్లు పెట్టి చూస్తే పెట్టె మంచుగడ్డలా ఉంది. పరువు పోతుందని చుక్కలపెట్ట తనే అందులో దూరి, గుడ్ల మీద కూర్చుని, లోపల్నుంచి మూత లాక్కుంది. హాయిగా నిద్రపోదామని కొన్న పెట్టెలో మెడ మడత పెట్టుకుని పొదగసాగింది. ఎవరికీ అనుమానం రాకూడదని మధ్యమధ్య బయటికొచ్చి షికారు తిరిగేది. ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడిపోయేవి. ఇలాగే సాగితే ఒక్క పిల్లా దక్కదని భయం పట్టుకుంది.

చివరికి గుట్టుగా నక్కకి ఫోన్ చేసింది. నక్క గొంతులో తేనె కారింది. సరుకు బాగాలేకపోతే ఐదు నక్షత్రాలు ఎందుకిచ్చారమ్మా అంది. నలుగురికీ తెలిస్తే మిమ్మల్నే నవ్వుతారంది. తప్పు గుడ్లదేమో, పెట్టెతో పాటు వాటినీ పంపితే పరీక్ష చేసి చెబుతానంది.

నమ్ముతారా, ఈ మహాతల్లి సర్దడం మొదలుపెట్టింది. ఒక్కో గుడ్డునీ గడ్డిలో చుడుతుండగా అప్పుడు తట్టింది, పరీక్ష చేసేది నక్క అని, చేయించుకునేవి కోడిగుడ్లని. తన బుర్రకి తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గడ్డివామెక్కి, ఏడూళ్లు వినేలా చెప్పేసింది.

"సూరమ్మొదినా, నాకంటే తెలివితక్కువ కోడి భూమ్మీద లేదు. పెట్టె పనిచెయ్యదు. ఇన్నాళ్లూ లోపల కూర్చున్నది నేనే."

ఒక్కరూ నవ్వలేదు. గేదె తల వంచుకుంది.

"నా పంకా సంగతీ అంతే వదినా. ఈగలు దానిమీదే వాలి కునుకు తీస్తున్నాయి. సిగ్గేసి చెప్పలేదు."

గొర్రె కోటు మొదటి వాన చినుక్కే కరిగిపోయిందట. దొడ్డిలో బాతుని గుడ్ల మీద కూర్చోబెట్టి, కొన్న సరుకంతా మోసుకుని, అందరూ కలిసి అడవిలో వినియోగదారుల కోర్టు నడిపే ఏనుగు దగ్గరికి వెళ్లారు.

నక్క పెళ్లాం పిల్లలతో దర్జాగా వచ్చి ఐదు నక్షత్రాలు చూపించింది. అవి టేపు విప్పకముందు నొక్కించినవేనని నక్క వెంట వచ్చిన కోతి ఏనుగు ముందు నిజం చెప్పేసింది. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనని ముందే రాశానంది నక్క. చెడ్డ సరుకు అంటగట్టి అలా రాసుకుంటే చెల్లదంది ఏనుగు. అయితే నా పెట్టె చెడ్డదే కాదు, నిప్పులా వెచ్చగా ఉంటుందని నక్క అడ్డం తిరిగింది.

చుక్కలపెట్ట మెల్లిగా ముందుకొచ్చింది.

"వాదనెందుకు నాయనా. చలిగానే ఉందిగా, నీ చిన్నపిల్లని ఈ పూట అందులో పడుకోబెట్టు. నా జొన్నలు నీకే వదిలేస్తాను."

నక్క ఇంకా నోరు తెరవలేదు, దాని పెళ్లాం పిల్లని గబుక్కున పొట్ట కిందికి లాక్కుంది. ఏనుగుకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అందరి గింజలూ తిరిగిచ్చి, సరుకంతా సొంత ఖర్చుతో మోసుకుపొమ్మంది. పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే సిగ్గుతో నక్క తోక ఎలుక తోకంత అయిందట. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. ఒక్కొక్కటి గుమ్మడికాయంత, నా మీద ఒట్టు.

నీతి: కొన్న వస్తువు పాడైనదని తేలితే సిగ్గుపడాల్సింది అమ్మినవాడు, నోరు విప్పి అడగాల్సింది కొన్నవాడు.