వరదయ్య శెట్టి వాకిట్లో రంగు ముగ్గు

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికొక రాజధాని, ఆ రాజధానిని ఆనుకొని ఒక ఊరు. పట్నం వాళ్ళు దాన్ని పల్లె అనేవారు. పల్లె వాళ్ళేమో పట్నం అనేవారు. దాని అసలు పేరు మామిళ్ళదిన్నె.

మామిళ్ళదిన్నెలో గాలి చల్లన, నీళ్ళు తియ్యన. ఏ ఇంటి పెరట్లో చూసినా మామిడిచెట్లే. పట్నంలో నాలుగు డబ్బులు వెనకేసుకున్న ప్రతివాడికీ అక్కడొక ఇల్లుండాలని కోరిక పుట్టింది. అందరికీ ఒకే కోరిక పుడితే ధర ఊరుకుంటుందా? ఉగాదికి ఒక మాట, దసరాకి ఇంకో మాట. ఇద్దరు ఎదురుపడితే "భోజనమైందా?" అనడం మానేసి, "మీ పక్కిల్లు ఎంతకు పోయిందట?" అని పలకరించుకునేవారు.

ఆ ఊళ్ళో వరదయ్య శెట్టి అనే గంధపు వర్తకుడు ఉండేవాడు. ఆయనా భార్య చెంగమ్మా పట్నం బజారులో, దుకాణం పైనున్న ఇరుకు గదుల్లో చాలా ఏళ్ళు కాపురం చేశారు. పిల్లలు లేరు. పెద్దవాళ్ళయ్యాక చెట్ల కింద చల్లగా కూర్చుందామని దుకాణం అమ్మేసి మామిళ్ళదిన్నెలో ఇల్లు కొన్నారు. కూర్చున్నది ఒక్క ఏడే. మరుసటి ఏడు చెంగమ్మ కన్నుమూసింది.

చెంగమ్మ ఉన్నన్నాళ్ళూ తెల్లవారేసరికి వాకిట్లో కళ్ళాపి చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. ఆమె పోయాక శెట్టి ఆ పని తానే చేయసాగాడు. మగవాడికి ముగ్గేమిటని జనం నవ్వారు. అయినా మానలేదు. ఆ ముగ్గు గిన్నె పట్టుకుంటే చెంగమ్మ చెయ్యి పట్టుకున్నట్టుండేది ఆయనకు. గీతలు మాత్రం ఒక్కటీ తిన్నగా వచ్చేది కాదు.

ఎడమ పక్కింట్లో పాలమ్మే పోలమ్మ ఉండేది. ఆమెకు నాలుగు గేదెలు, ఒక ఆవు. పొద్దున్నే పాలకుండ నెత్తిన పెట్టుకొని వెళ్తూ వాకిట్లో ఆగేది.

"శెట్టిగారూ, ఇవాళ వేసింది తామరపువ్వా, గుమ్మడికాయా?"

"తామరపువ్వే! నీ కళ్ళకేమైంది?" అనేవాడు శెట్టి ఉడుక్కుంటూ.

పోలమ్మ వెనకే వచ్చే ఆవు ముగ్గు అంచుని ఓసారి నాకి, శెట్టి పెట్టే బెల్లంముక్క తిని వెళ్ళేది.

ఒకరోజు శెట్టికి తలనొప్పి పట్టుకొని లేవలేకపోయాడు. పొద్దు ఇంకా ఎక్కనే లేదు, తలుపు దబదబ మోగింది.

"ఏం శెట్టిగారూ, ఇవాళ ముగ్గు పడలేదేం? బాగున్నారా?"

పోలమ్మ లోపలికొచ్చి శొంఠి కషాయం కాచి తాగించింది. "మనిషిని కాసేపు పడుకోనివ్వరు కదా!" అని విసుక్కుంటూనే శెట్టి గ్లాసు ఖాళీ చేశాడు.

కుడి పక్కింట్లో డోలు వీరన్న. ఆయన దగ్గర డోలు నేర్చుకునేవాళ్ళు సాయంత్రమైతే వీధి అదిరిపోయేలా వాయించేవారు. ఎదురింట్లో బుట్టలల్లే నాంచారమ్మ. ఆ ఇంటినిండా పిల్లలే. వాళ్ళు రోజూ శెట్టిగారి మామిడికాయలు దొంగిలించేవారు. శెట్టి రోజూ కర్ర పట్టుకొని కేకలేసేవాడు. ఆ కర్ర ఎవరికీ తగిలింది లేదు.

ఇలా ఉండగా ఆ ఊరికి ఇళ్ళ బేరాలు చేసే నక్క ఒకటి వచ్చింది. ఆ కాలంలో జంతువులన్నిటికీ మాటలు వచ్చు గాని, అవసరమైతే తప్ప అవి నోరు విప్పేవి కావు. నక్క ఒక్కటే ఎప్పుడూ మాట్లాడేది. నెత్తిన జరీ తలపాగా, చంకలో తమలపాకుల పళ్ళెం.

ఆ పళ్ళెం ఎందుకంటారా? మామిళ్ళదిన్నెలో పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు చేతులు మారాలంటే పక్కవాడూ ఎదుటివాడూ సరేనని తాంబూలం పుచ్చుకోవాలి. పుచ్చుకోకపోతే బేరం చెల్లదు. పొరుగు నచ్చని చోట కాపురం నిలవదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

నక్క శెట్టి అరుగు మీద కూర్చుంది. "శెట్టిగారూ, మీ ఇల్లు బంగారం. కాని పక్కన ఆ గేదెల వాసన ఉందే, దానివల్ల ధర అణిగిపోయి ఉంది. పోలమ్మ ఇల్లు ఒక రత్నాల వ్యాపారి కొంటానంటున్నాడు. తాంబూలం పుచ్చుకోండి, మీ ఇంటి ధర ఎక్కడికి పోతుందో చూడండి."

ఆ సాయంత్రం పోలమ్మ గోడ దగ్గరికొచ్చింది. "అంత డబ్బు నేనెన్నడూ చూడలేదు శెట్టిగారూ. కాని మీరు ఉండమంటే ఉంటా."

ఉండమనాలని శెట్టికి నోటిదాకా వచ్చింది. ఆ నోటికి నక్క చెప్పిన ధర అడ్డం పడింది. "నీ మంచి కోసమే చెప్తున్నా, వెళ్ళు పోలమ్మా" అన్నాడు. ఆమె కాసేపు నిలబడి, పైటచెంగుతో గోడ మీది దుమ్ము తుడిచి వెళ్ళిపోయింది.

రత్నాల వ్యాపారి వచ్చాడు. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టాడు. గృహప్రవేశం రోజున ఆవును ముందు నడిపించి, పాలు పొంగించి, ఊరంతటికీ భోజనాలు పెట్టాడు. సాయంత్రం తాళం వేసి పట్నం వెళ్ళిపోయాడు. ఇంకా పెరిగాక అమ్ముదామని అతని ఆలోచన.

రెండోసారి నక్క వచ్చింది. "ఆ డోలు చప్పుడు వింటే కొనేవాళ్ళు సగం దారిలోనే వెనక్కి పోతున్నారు." వీరన్న ఇంటికీ కొనేవాడు కుదిరాడు, శెట్టి మళ్ళీ తాంబూలం పుచ్చుకున్నాడు. వీరన్న వెళ్ళే ముందు సాయంత్రం ఒక్కడే అరుగు మీద కూర్చొని చాలాసేపు డోలు వాయించాడు. మర్నాటి నుంచి ఆ ఇంటికీ తాళమే.

మూడోసారి నక్క రానే వచ్చింది. "ఇక ఆ పిల్లల గోల ఒక్కటీ తగ్గిందంటే మీ ఇల్లు ఈ ఊళ్ళోకెల్లా ఖరీదైన ఇల్లు." శెట్టి చెయ్యి చాపాడు. ఈసారి చాపడం సులువైంది. సామాను బండెక్కిన రోజున నాంచారమ్మ చిన్నకూతురు పరిగెత్తుకొచ్చి, "తాతా, మేం వెళ్ళిపోతే నీ మామిడికాయలు ఎవరు దొంగిలిస్తారు?" అని అడిగింది.

ఇప్పుడా వీధినిండా మేడలే. నెలకో ఇంట గృహప్రవేశం. ఏ ఇంటా పొయ్యి వెలగదు. శెట్టి తప్ప మనిషి లేని వీధిలో వాకిళ్ళు బోసిగా ఉంటే కొనేవాళ్ళకు శుభంగా తోచదు కదా! అందుకని నక్క ఒక చిత్రకారుణ్ణి తెచ్చి, ప్రతి వాకిట్లోనూ రాతి పలకల మీద చెరగని రంగులతో ముగ్గులు వేయించింది. శెట్టి వాకిట్లోనూ వేయించింది. "ఇక మీరు నడుం వంచే పనే లేదు" అంది.

అది నిజమైన తామరపువ్వు. ఒక్క రేకు వంకర లేదు. మర్నాడు తెల్లవారుజామున శెట్టి అలవాటు చొప్పున ముగ్గు గిన్నె పట్టుకొని బయటికొచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రంగు ముగ్గు దగ్గరికి చీమలు బారులు తీరి వచ్చి, అటూ ఇటూ తిరిగి, తినడానికేమీ దొరక్క వెళ్ళిపోయాయి. శెట్టి లోపలికి పోయి గిన్నెను బోర్లించి అటక మీద పెట్టేశాడు. ఆ రోజు ఆయనకు చెంగమ్మ రెండోసారి పోయినట్టనిపించింది.

అప్పటి నుంచి పలకరించే దిక్కు లేదు. తుమ్మితే "చిరంజీవ" అనే నోరు లేదు. ఒక్కోసారి తన గొంతు తనకు వినపడాలని ఇంటి ధరను పైకి చెప్పుకునేవాడు. వినడానికి చాలా పెద్ద ధరే గాని, అది తిరిగి మాట్లాడేది కాదు.

వానలు మొదలయ్యాయి. శెట్టికి జ్వరం పట్టుకుంది. నీళ్ళకని లేచి నడవలో జారిపడ్డాడు. తుంటి కలుక్కుమంది, లేవలేకపోయాడు. "పోలమ్మా!" అని పిలిచాడు. ఆ పిలుపు పక్కింటి ఖాళీ గదుల్లో తిరిగి తిరిగి అక్కడే పోయింది. "వీరన్నా!" అన్నాడు. "ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. మీరే చెప్పండి పిల్లలూ, ఎవరుంటారు? అందరినీ ఆయనే పంపేశాడు కదా!

ముందుగా వీధి కాపలావాడు అటు వచ్చాడు. వాకిట్లోకి చూశాడు. ముగ్గు కళకళలాడుతోంది. "శెట్టిగారు కులాసాగా ఉన్నారు" అనుకొని వెళ్ళిపోయాడు.

తరువాత నక్క, ఒక పట్టుబట్టల వ్యాపారిని వెంటబెట్టుకొని వచ్చింది. వీరన్న ఇల్లు మళ్ళీ చేతులు మారుతోంది మరి; శెట్టి తాంబూలం జ్వరానికి ముందే పుచ్చుకున్నాడు, గృహప్రవేశం మర్నాడే. వ్యాపారి శెట్టి వాకిలి చూసి, "ఎంత శుభంగా ఉంది!" అన్నాడు. "ఇక్కడంతా అంతేనండి, నిత్యకల్యాణం" అంది నక్క. లోపల శెట్టికి ఆ మాటలు వినిపించాయి. కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు.

మూడోసారి వచ్చింది ఆవు.

పట్టుబట్టల వ్యాపారి గృహప్రవేశం అది, వీధిలో రంగు ముగ్గులు పడ్డాక ఇదే మొదటిది. పోలమ్మ గేదెలన్నిటినీ అమ్మేసి, పక్క ఊళ్ళో ఒక చిన్న పాకలో ఉంటూ, గృహప్రవేశాలకు ఈ ఆవును తోలుకొచ్చేది. బాజాలు మోగుతున్నాయి. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. పురోహితుడు ముహూర్తం దగ్గరపడిందని తొందరపెడుతున్నాడు. ఆవు వస్తూ వస్తూ శెట్టి వాకిట్లో ఆగింది. అలవాటుగా ముగ్గు నాకింది. రంగు, రాయి. తల ఎత్తి చూసింది. బెల్లంముక్క పట్టుకొని ఎవరూ రాలేదు. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

పోలమ్మ లాగింది. నలుగురు నెట్టారు. ఆవు నాలుగు కాళ్ళూ నిలదొక్కుకొని నిలబడింది.

"అమ్మా గోమాతా, ముహూర్తం దాటిపోతోంది, నా బేరం పాడు చేయకు!" అని నక్క కాళ్ళావేళ్ళా పడింది.

అప్పుడు ఆవు నోరు విప్పింది. "ఈ వీధిలో ప్రతి మేడలోనూ మొదటి అడుగు నాదే. ఆఖరి అడుగూ నాదే అయింది. నా వెనక కాపురానికని వచ్చినవాళ్ళు ఒక్కరు లేరు. మనిషి బతికే ఇల్లు ఈ ఒక్కటే మిగిలింది. ఇవాళ ఇందులోంచి అలికిడి లేదు. ముందు ఈ తలుపు తీయండి, తరువాతే నేను ఇంకో గడప తొక్కుతాను."

"ముగ్గు ఉంది కదా, ఆయన బాగానే ఉన్నాడు!" అంది నక్క.

పోలమ్మ వంగి ముగ్గును వేలితో గీకింది. వేలికి పిండి అంటలేదు. "అయ్యో! ఇది శెట్టిగారు పెట్టింది కాదు. ఆయన చేతి తామరపువ్వు గుమ్మడికాయలా ఉంటుంది!" అని కేకపెట్టి తలుపు మీదికి ఉరికింది. నలుగురూ కలిసి గడియ విరగ్గొట్టారు.

శెట్టి నడవలో పడి ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. పోలమ్మ పరుగున పోయి గృహప్రవేశం పొయ్యి మీంచి పాలగిన్నె దించుకొచ్చి, చల్లార్చి గుక్క గుక్కగా పోసింది. ముహూర్తం దాటిపోయింది. పట్టుబట్టల వ్యాపారి కోపంతో బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ ఇంటికి మళ్ళీ తాళం పడింది.

పోలమ్మ అక్కడే ఉండి శెట్టిని లేపి కూర్చోబెట్టే దాకా చూసుకుంది. నడక వచ్చిన రోజున ఆయన గడపలో నిలబడి, "నేను నిన్ను పొమ్మన్నాను. తప్పు చేశాను" అన్నాడు. "ఉండమంటారని అంతసేపు గోడ దగ్గర నిలబడ్డాను శెట్టిగారూ" అంది పోలమ్మ. తరువాత శెట్టి తన పెద్ద ఇంట్లో ఎడమవైపు సగం ఆమెకు ఇచ్చి, "గేదెల్ని కూడా మళ్ళీ కొనుక్కో" అన్నాడు.

శెట్టి గడ్డపారతో రంగు ముగ్గును చెక్కేస్తుండగా నక్క పరుగెత్తుకొచ్చింది. "శెట్టిగారూ! వాకిట్లో గుంటలు, పెరట్లో గేదెలు! ధర పడిపోతుందండీ!"

"పడనీ. నేను పడ్డ రోజున చూసేవాళ్ళు లేకపోయారు. అది పడితే చూడ్డానికి నువ్వున్నావుగా!" అన్నాడు శెట్టి. నక్క పళ్ళెం సర్దుకొని ఇంకో ఊరు వెతుక్కుంది.

మరుసటి వేసవిలో శెట్టి, వీరన్ననూ నాంచారమ్మనూ వెతుక్కుంటూ వెళ్ళాడు. వీరన్న ఊళ్ళో డోలు కొత్త శిష్యుల చేతుల్లో మోగుతోంది. నాంచారమ్మ పిల్లలకు కాయలు దొంగిలించడానికి అక్కడ ఇంకో తాత దొరికాడు. రమ్మని అడగడానికి శెట్టికి నోరు రాలేదు. తెచ్చిన మామిడిపండ్లు ఇచ్చి తిరిగొచ్చాడు. పోగొట్టుకున్నవన్నీ తిరిగి రావు పిల్లలూ, కథల్లో కూడా రావు. ఇప్పటికీ సాయంత్రమైతే ఆయన కుడివైపు గోడ దగ్గర కుర్చీ వేసుకొని, మోగని డోలు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు.

ఒక చలికాలపు ఉదయం శెట్టి దుప్పటి కింద ముడుచుకొని పొద్దెక్కినా లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఉత్త బద్ధకం. ఇంతలో తలుపు దబదబ మోగింది.

"ఏం శెట్టిగారూ, ఇవాళ ముగ్గు పడలేదేం? బాగున్నారా?"

శెట్టికి ఆ మాట ఇంకోసారి వినాలనిపించి, జవాబు చెప్పకుండా ఒక్క క్షణం ఆగాడు. తలుపు మళ్ళీ మోగింది. "వస్తున్నా పోలమ్మా, వస్తున్నా!" అంటూ కళ్ళు తుడుచుకొని ముగ్గు గిన్నె అందుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, వాకిట్లో ముగ్గు పడని రోజున "ఏమైంది?" అని తలుపు తట్టే మనిషి పక్కనుంటేనే అది ఇల్లు, ఆ మనిషిని పోగొట్టుకొని పెంచుకున్న ధర ఎంతైనా నష్టమే.