పాత ఇంజనుకు స్నానం

ఏసోబు పొద్దుటినుంచీ తాళంచెవి తిప్పుతూనే ఉన్నాడు. తిప్పినప్పుడల్లా కారు టక్కుమని ఊరుకుంటోంది. అంతకుమించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కారు గాలిబ్ ఉస్తాద్‌ది. ఒంగోల్లో ఆయన షెడ్డు ఎంతమందికి తెలుసో ఆ పాత తెల్ల కారూ అంతమందికి తెలుసు. అది పొగలు కక్కడం మొదలుపెట్టాక ఉస్తాద్ వేరే ఇంజను తెప్పించాడు. పాతది దింపడం, కొత్తది ఎక్కించడం మొత్తం ఏసోబుకే వదిలేశాడు.

"నా చెయ్యి పడకుండా ఇది స్టార్టయిందనుకో, రేపు ఇందులోనే వచ్చి నీ కొత్త షెడ్డు తలుపు తీస్తా," అన్నాడు.

"కాకపోతే?"

"కాకపోతే ఇంకొన్నాళ్ళు నా టీ నువ్వే తేవాలి."

ఏసోబు చీమకుర్తి రోడ్డులో సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. రేకులు కప్పించాడు, బోర్డు రాయించాడు, చుట్టాలను పిలిచాడు. ప్రార్థనకు పాస్టరుగారు వస్తానన్నారు. అయినా సరే, తలుపు మాత్రం ఉస్తాదే తీయాలి. పాన పట్టుకోవడం రానివాణ్ణి ఇంతవాణ్ణి చేసిన చెయ్యి అది.

అందుకే అతనికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. బ్యాటరీ మార్చాడు. సెల్ఫ్ మోటారు విప్పి, నేలమీద పెట్టి, నేరుగా కరెంటిస్తే గిర్రున తిరిగింది. మళ్ళీ బిగిస్తే టక్. ఇంజను బిగిసిపోయిందేమోనని పానతో తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది. లైట్లు వేస్తే కళ్ళు చెదిరేలా వెలిగాయి. విడివిడిగా అన్నీ బుద్ధిమంతులే, కలిపితే ఒక్కటీ మాట వినదు.

ఉస్తాద్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉప్పుశనగలు నములుతున్నాడు. బానెట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మధ్యాహ్నానికి ఏసోబు ఓపిక అయిపోయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఇంజను అమ్మినవాడు మిమ్మల్ని మోసం చేశాడు ఉస్తాద్. అది చచ్చిన ఇంజను."

"చచ్చింది మూలనుంది కదరా," అన్నాడు ఉస్తాద్, గోనెపట్టా కప్పిన పాత ఇంజను వైపు గడ్డం ఆడించి. "దాన్ని తుడిచావా?"



ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. కారులోంచి దింపిన ఇంజను పాతసామాన్లవాడి దగ్గరకు పోయేముందు దాన్ని కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఎలాగూ కరిగించేదానికి ఈ సేవ ఏమిటో ఏసోబుకు ఎన్నడూ అర్థం కాలేదు. "శవానికి స్నానమా ఉస్తాద్?" అని ఒకసారి ఎగతాళి చేశాడు కూడా. "ఇన్నాళ్ళు మోసింది. మురికి మొహంతో పంపిస్తామా?" అన్నాడాయన. ఈసారి తొందరలో ఏసోబు ఆ పని ఎగ్గొట్టాడు.

"ఇక్కడ బతికున్నది లేవక నేను చస్తుంటే..."

"సాయంత్రం వాడు బండి తెస్తాడు. కానియ్."

ఏసోబు విసురుగా పట్టా లాగాడు. కిరసనాయిలు డబ్బా, చిరిగిన చొక్కా తెచ్చుకుని గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. పైన కొంచెం తుడిచేసరికి మిగతా బోల్టులకంటే లావుపాటి బోల్టొకటి బయటపడింది. ఏసోబు చెయ్యి ఆగింది. పనిలో చేరిన కొత్తల్లో బలం చూపించబోయి అక్కడి బోల్టు మర పాడుచేసింది తనే. ఉస్తాద్ తిట్టలేదు. రంధ్రం పెద్దది చేసి, లావు బోల్టు బిగించి, "ఇప్పుడిది ఇంకా గట్టిది," అని మాత్రం అన్నాడు. అది ఇన్నేళ్ళూ కదల్లేదు.

గొణుగుడు ఆగిపోయింది. చెయ్యి నెమ్మదించింది. పక్కనున్న జిడ్డంతా తీశాడు. కిందకు వంగి, గట్టకట్టిన మట్టిని గోటితో గీకాడు.

మట్టిలోంచి ఎర్రగా ఏదో మెరిసింది.

జడలా అల్లిన రాగి తీగ. ఒక కొస ఇంజనుకే బిగించి ఉంది. రెండో కొస గాలిలో వేలాడుతోంది. దింపేటప్పుడు బాడీ వైపు బోల్టు విప్పింది తనే. విప్పి, మరిచిపోయాడు.

ఏసోబు అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు తిరిగి బాడీలోకి పోవడానికి ఉన్న దారి ఆ జడ ఒక్కటే. ఆ దారిని పాత ఇంజనుతోపాటు మూలన పెట్టి పట్టా కప్పేశాడు. సాయంత్రం బండెక్కించి పంపించేసేవాడే.

జడ విప్పాడు. రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్ది, కొత్త ఇంజనుకూ బాడీకీ బిగించాడు. తాళంచెవి తిప్పాడు.

కారు ఒక్కసారి దగ్గి, అందుకుంది. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి.

ఉస్తాద్ ఒళ్ళో పడ్డ శనగపొట్టు దులుపుకుని లేచాడు. వచ్చి, వెనక తలుపు తీసుకుని, పెళ్ళికొడుకులా సీట్లో కూర్చున్నాడు.

"పద. రేపు తీయబోయే ఆ తలుపేదో ఇవాళే ఓసారి చూసొద్దాం."

ఏసోబు స్టీరింగు మీద చెయ్యేసి, మూలనున్న పాత ఇంజను వైపు చూశాడు. ఇంజను ఆపేసి దిగాడు.

"ఏరా?"

"ఇంకో పక్క మిగిలిపోయింది ఉస్తాద్."

కిరసనాయిలు గుడ్డ తీసుకుని మూలకు నడిచాడు. ఉస్తాద్ సీటుకు జారగిలబడి, జేబులోంచి మిగిలిన శనగలు తీశాడు.

"నిదానంగా కానీరా," అన్నాడు. "కూర్చుంటా."