నాకు దక్కిన ఆరో బిరుదు

చింతగిరి మల్లదేవరాజుగారికి ఆలోచనలన్నీ తలంటు పోసుకుంటున్నప్పుడే వస్తాయి. వచ్చి మా నెత్తిన పడతాయి. ఆ శనివారం వచ్చింది ఇది: కొండ మీది పిల్లలకు శాస్త్రం నేర్పాలట.

“ఎవరు వెళ్తారు?” అన్నారు సభలో. పండితులంతా పైకప్పు వంక చూశారు. నేను, ఖర్మ కాలి, ముందు వరసలో ఉన్నాను. అప్పటికి నాకు అయిదు బిరుదులు. ‘శాస్త్రశార్దూల’ కేదారభట్టు అంటే నేనే.

“శార్దూలం అడవికి వెళ్లక ఎక్కడికి వెళ్తుంది?” అన్నారు రాజుగారు.

వెళ్లాను. నాతోపాటు కోట వంటశాల నుంచి బుద్రిని పంపారు. ఆవిడ పుట్టింది ఆ కొండ మీదే. మొదటి వారం ఆచారం కొద్దీ నా వంట నేనే వండుకున్నాను. రోజూ మాడింది. రెండో వారం నుంచి బుద్రి వండింది, నేను నోరు మూసుకుని తిన్నాను.

బడి అంటే ఒక పాక, ఇరవై మంది పిల్లలు. చెంబెడు నీళ్లలో ఉప్పు వేసి కలిపాను. కరిగింది. ఇంకా వేశాను, కరిగింది. మరీ వేస్తే అడుగున నిలిచిపోయింది.

“ఎందుకు కరగలేదు?” అని అడిగాను.

ఒక్కరూ నోరు విప్పలేదు. శ్లోకం చదివి మళ్లీ అడిగాను. గద్దించి అడిగాను. తలలు వంచుకుని కూర్చున్నారు. ఆరు నెలలు ఇదే వరస. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రాజుగారికి తాటాకు కమ్మ మీద ఉత్తరం రాసి పంపాను: ‘ఇక్కడి పిల్లలకు బుర్ర లేదు. బడి మూసేయడం మంచిది.’

సంగతి తెలిసి బుద్రి నా ఎదుట కూర్చుంది. “అయ్యగారూ, ఈ బడి కోసం మా పెద్దలు పదేళ్లు కోట గుమ్మం దగ్గర నిలబడ్డారు. మూస్తే మళ్లీ తెరుస్తారా?”

నాకు సిగ్గేసింది. కానీ పంపిన కమ్మ వెనక్కి రాదు కదా, రాజుగారే వచ్చారు.

ఆయన ముందు ఉప్పు కలిపాను. “ఎందుకు కరగలేదు?” అన్నాను. అదే మౌనం.

“సరే, మూసేద్దాం,” అన్నారు రాజుగారు.

“మూయండి మారాజా,” అంది బుద్రి. “కానీ అయ్యగారికి పొద్దుటి నుంచి తిండి లేదు. ఆయన తిన్నాక మూయండి.”

రెండు బుట్టలు తెచ్చి నా ముందు పెట్టింది. రెండింటిలోనూ అడవి చేదు దుంప, సన్నగా తరిగి నానబెట్టి ఉడికించింది.

“ఇందులో ఒకటి మూడు రోజులు కుండ నీళ్లలో నానింది. ఒకటి మూడు రోజులు పారే వాగులో నానింది. ఒకటి కమ్మగా ఉంటుంది. రెండోది తింటే గొంతు వాచి, కళ్లు తిరిగి పడిపోతారు. అయ్యగారు నీటి శాస్త్రం చదివారు కదా, ఏది తినాలో ఆయనకు తెలుసు.”

రాజుగారు చాప లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. “కానివ్వండి శార్దూలంగారూ.”

వాసన చూశాను. రెండూ దుంప వాసనే. ఒక్కో శ్లోకం గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కదానిలోనూ దుంప లేదు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. చివరికి పిల్లల వైపు తిరిగాను.

“నాకు తెలియదర్రా. ఏది తినాలి?”

ఇరవై మందీ ఒక్కసారి లేచారు.

“ఎడమ చేతి బుట్ట ముట్టుకోకండి పంతులయ్యా!” అంది సుక్రి అనే పిల్ల. ఒక ముక్క నలిపి చూపించింది. “వేలికి జిగురంటింది చూడండి. ఇది కుండలోది. కుండ నీళ్లు కాస్త చేదు తాగుతాయి, ఇక చాలంటాయి. మీ చెంబులో ఉప్పులాగే.”

“వాగు నీళ్లు ఎప్పటికప్పుడు కొత్తవి,” అన్నాడు ఇంకొకడు. “అందుకే చేదంతా లాగేస్తాయి.”

“ముక్క ఎంత సన్నగా తరిగితే చేదు అంత తొందరగా పోతుంది,” అంది వెనక నుంచి మరో పిల్ల.

ఆరు నెలల పాఠం అరక్షణంలో అప్పజెప్పారు. నేను చెప్పనివి కూడా చెప్పారు.

రాజుగారు ఆశ్చర్యపోయారు. “ఇంత తెలిసి ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదే?”

సుక్రి బుద్రి వైపు చూసింది. బుద్రి తల ఊపింది.

“తెలిసినవాళ్లు తెలిసిందే అడిగితే, మా కొండ మీద అది ఎగతాళి మారాజా,” అంది సుక్రి. “ పంతులయ్య పెద్దాయన కదా, ఎదురు చెప్పకూడదని ఊరుకున్నాం. తెలియక అడగడం ఇవాళే మొదలు.”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తన చేతి కంకణం తీసి బుద్రికి తొడిగారు. “బడి ఉంటుంది. పంతులు పక్కన నువ్వూ కూర్చుని పాఠం చెప్పు. అన్నట్టు, ఈయన తెలియదంటాడని నీకెలా తెలుసు?”

“ఆరు నెలలుగా వండి పెడుతున్నాను మారాజా. ఆయన ఆకలి ముందు ఆయన బిరుదులు ఏనాడూ నిలవలేదు.”

పాకంతా గొల్లుమంది. నేను అప్పటికే కుడి చేతి బుట్టలో చెయ్యి పెట్టాను.

“మరి నాకేమీ లేదా ప్రభూ?” అన్నాను నోటినిండా దుంపతో.

“ఎందుకు లేదు? ఆరో బిరుదు. ‘తెలియదన్న పండితుడు’. మా ఆస్థానంలో అది ఇంకెవరికీ లేదు.”