చెంగలి గెలవని పరుగు

అనగనగా ఒక అడవి. అడవన్నాక చెట్లుంటాయి, పుట్టలుంటాయి, అడక్కుండానే సలహాలిచ్చే కోతులూ ఉంటాయి. ఆ అడవిలో చెంగలి అనే కుందేలు పిల్ల ఉండేది. ఒక వానాకాలం వాగు పొంగి వాళ్ల అమ్మనూ నాన్ననూ తీసుకుపోయింది. చెంగలిని పిన్ని తెచ్చుకుంది. తమ్ముడు బొండును తాబేలు అవ్వ నడిపే పిల్లల పొదకు పంపారు. చెల్లి మురిపిని ముళ్లపంది దంపతులు పెంచుకున్నారు.

పిన్ని మంచిది. మరీ మంచిది, అదే వచ్చిన చిక్కు. రోజూ సాయంత్రం పిల్లలు చింతచెట్టు దాకా పరుగు పందెం పెట్టుకునేవారు. రోజూ చెంగలే గెలిచేది. ఒకరోజు వెనక్కి తిరిగి చూసింది కదా, పిన్ని కొడుకు నొప్పి లేకుండానే కుంటుతున్నాడు! పిన్ని వాడికి కన్ను గీటుతోంది!

"పిన్నీ, నేను నిజంగా బాగా పరిగెత్తుతానా?" అని అడిగింది చెంగలి.

"అయ్యో నా తల్లీ, అమ్మ లేని పిల్లవి! నీ అంతటిది ఈ అడవిలోనే లేదు" అంటూ పిన్ని ముల్లంగి చేతిలో పెట్టింది.

తినాలో ఏడవాలో చెంగలికి తెలియలేదు. తమ్ముణ్ణి అడుగుదామని పొదకు వెళ్లింది. అక్కడ ఇరవై మంది పిల్లలు. తాబేలు అవ్వ "ఒరేయ్, తిండికి రండ్రా!" అని అందరినీ ఒకే కేకతో పిలుస్తోంది.

"నీకేమక్కా, గెలుస్తావు" అన్నాడు బొండు. "నేను పరిగెత్తినా పడుకున్నా ఇక్కడ చూసేవాళ్లు లేరు. నేను చురుకో మొద్దో నాకే తెలీదు."

చెంగలి మురిపి దగ్గరకు వెళ్లింది. మురిపి గుసగుసగా చెప్పింది. "నేను కావాలనే ఓడిపోతానక్కా. గెలిస్తే వాళ్ల పిల్లలు మూతి ముడుస్తారు. నన్ను పంపించేస్తారేమో!"

ముళ్లపంది పిల్లల చేతిలో ఓడిపోయే కుందేలును మీరెక్కడైనా చూశారా?

చెంగలికి తల తిరిగిపోయింది. ముగ్గురిలో ఎవరి ఇల్లు మంచిది? ఎంత ఆలోచించినా తేలలేదు. తామెంతటివాళ్లో ముగ్గురికీ తెలియదని మాత్రం అర్థమైంది.

ఇంతలో అడవి పిల్లలందరి పెద్ద పందెం వచ్చింది. చెంగలికి బెంగ పట్టుకుంది. పిన్ని సాయం లేకపోతే అందరికన్నా వెనకబడి నవ్వులపాలైతే? అయినా పెద్దల ముందుకు వెళ్లి నిలబడింది.

"పిన్నీ, ఇవాళ ఎవరికీ కన్ను గీటొద్దు. అవ్వా, మా తమ్ముడి పేరు బొండు, ఒక్కసారి పేరు పెట్టి పిలువు. బాబాయ్, మురిపి గెలిస్తే పంపించేయరు కదా?"

ముళ్లపంది బాబాయ్ తెల్లబోయాడు. "ఎంత మాటమ్మా! గెలిచినా ఓడినా అది మా పిల్లే" అన్నాడు. ఆ మాట మురిపి చెవిన పడింది. ఇక చూడండి, మురిపి కాళ్లు నేల మీద ఆనలేదు. అందరికన్నా ముందు చింతచెట్టును తాకింది.

"బొండూ, పరిగెత్తరా!" అని అవ్వ అరిచింది. పిలిచిందెవరా అని వెనక్కి చూసిన బొండు బోర్లాపడ్డాడు. లేచి, నవ్వుకుంటూ చెట్టు చేరాడు. "పన్నెండోవాడివిరా బొండూ, నేను లెక్కపెట్టాను!" అంది అవ్వ.

చెంగలి రొప్పుతూ ఐదోదిగా వచ్చింది. పిన్ని ముల్లంగి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యో నా తల్లీ, ఓడిపోయావా!"

"ఐదోదాన్ని పిన్నీ!" అని చెంగలి గంతులేసింది. "నా వెనక ఎంతమందో చూడు. ఒక్కరు కూడా కుంటలేదు!"

పిన్ని ముల్లంగిని చెంగలి చేతిలో పెట్టింది. ఎవరి ఇల్లు మంచిదో చెంగలికి ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ పూట ముల్లంగిని మాత్రం ఏడవకుండా, ఇష్టంగా తిన్నది.

నీతి: జాలిపడి ఇచ్చిన మొదటి స్థానం కన్నా, సొంత కాళ్లతో తెచ్చుకున్న ఐదో స్థానమే పిల్లలకు తమ విలువ చెబుతుంది.